చెట్లు నాటించిన చక్రవర్తి

అశోకుడు రహదారులకు ఇరువైపులా చెట్లు నాటించాడన్న మాట తెలుగునాట బడికి వెళ్ళిన ప్రతివారికీ కంఠస్థమే. పరీక్షలో ఒక మార్కు తెచ్చిపెట్టే వాక్యంగా మిగిలిపోయిన ఈ మాట వెనుక ఒక మనిషి పరివర్తన ఉంది. ఆ చెట్లను ఎందుకు నాటించాడో అతడే రాతిపై చెక్కించిన వివరణ కూడా ఉంది.

మౌర్య సామ్రాజ్య స్థాపకుడైన చంద్రగుప్తునికి అశోకుడు మనుమడు, బిందుసారుని కుమారుడు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషిక్తుడై పాటలీపుత్రం రాజధానిగా పాలించాడు. యౌవనంలో అతడు పరమ క్రూరుడని బౌద్ధ గ్రంథాలు కథలు కథలుగా చెబుతాయి. మారిన మనిషి మంచిని పెంచడానికి అతని పూర్వపు చెడును పెంచి చెప్పడం కథకుల అలవాటు కనుక వాటినన్నింటినీ నమ్మనక్కరలేదు. కళింగ యుద్ధం మాత్రం కథ కాదు. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు జరిగిన ఆ యుద్ధంలో లక్షమంది హతులయ్యారు. లక్షా యాభై వేలమంది తమ నేలనుండి తరలింపబడ్డారు. అంతకు ఎన్నో రెట్లు ప్రజలు ఆ తరువాత మరణించారు. ఈ లెక్క చెప్పినవాడు ఓడిన శత్రువు కాదు, గెలిచిన రాజే. తన పశ్చాత్తాపాన్ని తెలిపే ఈ పదమూడవ శాసనాన్ని అతడు కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి కొండరాళ్ళ మీద కూడా చెక్కించాడు. కళింగ దేశంలోని ధౌలి, జౌగడ శిలలపై మాత్రం అది కనిపించదు. గాయపడిన ప్రజల ఎదుట ఆ లెక్కను చదివించడానికి రాజుకు మనస్కరించలేదేమో!

ఆ పశ్చాత్తాపం పాలనలో ఏ రూపం దాల్చిందో రెండవ శిలాశాసనం చెబుతుంది. మనుషులకూ పశువులకూ వేరువేరుగా వైద్య సదుపాయాలు ఏర్పడ్డాయి. ఔషధ మూలికలు, దుంపలు, పండ్ల మొక్కలు లేనిచోట్లకు వాటిని ఇతర ప్రాంతాలనుండి తెప్పించి నాటించారు. బాటల వెంట బావులు త్రవ్వించి, చెట్లు పెంచారు. పట్టాభిషేకమైన ఇరవై యేడేళ్ళకు వెలువడిన స్తంభశాసనంలో ఆ చెట్ల పేర్లు కూడా ఉన్నాయి: నీడకోసం మర్రి, తోటలుగా మామిడి. వాటితోపాటు క్రోసుల లెక్కన బావులు, విశ్రాంతి గృహాలు, మనుషులకూ పశువులకూ చలివేంద్రాలు.

మర్రిని ఎంచుకోవడంలో ఎంతో లోకజ్ఞానం ఉంది. పశువుల నోటికి అందనంత పొడవైన కొమ్మను నరికి పాతినా మర్రి వేరుపట్టి చిగురిస్తుంది. ఊడలు దించుకుంటూ ఏటేటా విస్తరిస్తుంది. ఎడ్లను విప్పి కట్టుకొని ఒక బిడారంతా మండువేసవిలో దాని క్రింద తలదాచుకోవచ్చు. దాని పండ్లు పక్షులకు ఆహారం. అయితే ఎంత మొండి చెట్టయినా నాటిన తొలి వేసవులలో నీరు పోయనిదే నిలవదు. శాసనంలో మర్రి, మామిడి, బావి పక్కపక్కనే ఉండటం ఈ దృష్టితో చూస్తే ఎంతో సహజంగా తోస్తుంది.

ఇంతచేసి, అశోకుడు దీనిని గొప్పగా చెప్పుకోలేదు. ఇలాంటి సౌఖ్యాలను పూర్వపు రాజులు కూడా కలిగించారనీ, ఇది చిన్న మేలేననీ అదే స్తంభంపై ఒప్పుకున్నాడు. ప్రజలు ధర్మాన్ని ఆచరించడానికి ఇది దారి చూపాలన్నదే తన ఉద్దేశమని తెలిపాడు. తాను ఎన్నడూ చూడని బాటసారికీ, నోరులేని ఎద్దుకూ ఎండ తగలకూడదని తలచడం ఆ ధర్మంలో భాగమే కావచ్చు.

నాటించడంతో అతడు ఆగలేదు. నిష్కారణంగా గానీ, ప్రాణులను చంపడానికి గానీ అడవులను తగులబెట్టరాదని మరొక స్తంభశాసనంలో ఆజ్ఞాపించాడు. జీవులున్న ఊకను కూడా కాల్చరాదన్నాడు. అదే రాజు అడవులలో నివసించే జనులను, లొంగి ఉండకపోతే తనకు దండించే శక్తి ఉందని పదమూడవ శాసనంలో హెచ్చరించాడన్నది కూడా మరువరాదు. అతని కరుణకు రాజ్యపు హద్దులు ఉన్నాయి.

అంతఃపురంలోనూ ఈ శ్రద్ధ కనబడుతుంది. రెండవ రాణి కారువాకి దానమిచ్చిన మామిడితోపులను, ఉద్యానాలను ఆమె పేరిటనే లెక్క వ్రాయాలని ఆదేశించే ఒక చిన్న శాసనం అలహాబాదు స్తంభంపై ఉంది. తిష్యరక్షిత అనే మరొక రాణి గురించిన కథ దీనికి పూర్తిగా భిన్నమైనది. రాజు బోధివృక్షంపై చూపే మక్కువకు ఆమె అసూయపడి దానిని ఎండిపోయేలా చేయించిందట. చెట్టు వాడిపోతున్నదని విని అశోకుడు మూర్ఛపోయాడట. చివరకు వేరుల చుట్టూ త్రవ్వి, కుండలకొద్దీ పాలు పోసి దానిని బ్రతికించారట.

క్రీ.పూ. 232 ప్రాంతంలో అశోకుడు మరణించాడు. తరువాత యాభై యేళ్ళకే మౌర్య సామ్రాజ్యం అంతరించింది. ఆ బోధివృక్షపు కొమ్మనొకదానిని అతని కుమార్తె సంఘమిత్ర సింహళానికి తీసుకువెళ్ళిందని అక్కడి చరిత్ర గ్రంథాలు చెబుతాయి. అనురాధపురంలో నాటిన ఆ రావిచెట్టు నేటికీ ఉంది. వాలిన కొమ్మలకు ఊతాలు నిలిపి, చుట్టూ ప్రాకారం కట్టి, దానిని కాపాడుకుంటూ వస్తున్నారు.