పాఠం కోసం చదివి... చదువు కోసం వినికిడి పోగొట్టుకుని...

శ్రీకాకుళం: శ్రీముఖలింగం సమీపంలో వంశధార తీరాన గల పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి జన్మించారు. వ్యావహారిక భాషోద్యమ సారథిగా ఆయన పేరు జిల్లాలోని బడిపిల్లలకు సైతం సుపరిచితం. ఉద్యమానికి పాతికేళ్ల ముందు నుంచే ఆయన బడిపంతులన్న సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు.

తండ్రి వీర్రాజు 1875లో మరణించారు. రామమూర్తి విజయనగరంలో గురజాడ అప్పారావుకు సహాధ్యాయిగా చదివి 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉద్యోగం. జీతం నెలకు 30 రూపాయలు. పగలు పాఠాలు చెబుతూ, ప్రైవేటుగా చదువుతూ బి.ఏ. పట్టా అందుకునేసరికి 1896 వచ్చింది. పాఠ్యపుస్తకం దాటి చదివేందుకు తీరిక ఏదని ఉపాధ్యాయులు నేటికీ వాపోతుంటారు. తీరిక ఆయనకూ లేదు.

చరిత్ర బోధించే పంతులుకు పుట్టినూరి పక్కనే ముఖలింగం ఆలయాలున్నాయి. వాటి గోడల నిండా గాంగరాజుల శాసనాలు. వాటిని చదవగలిగినవారు అరుదు. రామమూర్తి పుస్తకాలు తెప్పించుకుని ప్రాచీన లిపులను తనంతట తానే నేర్చుకున్నారు. ముఖలింగమే నాటి కళింగనగరమని వాదించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. తరగతి గది కోసం మొదలైన చదువు ఎక్కడ ముగిసిందో, మనసుకు నచ్చిన చదువు ఎక్కడ మొదలైందో విడదీసి చెప్పడం కష్టం.

సవర భాష సంగతి వేరు. దానిని నేర్చుకొమ్మని ఆయనకు ఏ పాఠ్యప్రణాళికా చెప్పలేదు. తెలుగు తెలిసిన సవర ఒకరిని ఇంట ఉంచుకుని ఆ భాష నేర్చారు. సవరలకు బడులు పెట్టించి, లిపిలేని ఆ భాషలో వాచకాలు రాశారు. మన్యం తిరుగుళ్లలో మలేరియా సోకింది. క్వినైన్ వాడకంతో వినికిడి దెబ్బతిని, ఆ చెవుడు జీవితాంతం వెన్నాడింది. పలుకుబడినే ప్రాణంగా భావించిన మనిషికి ఇంతకు మించిన దెబ్బ మరొకటి ఉండదు. అయినా చదువు ఆగలేదు.

పాఠశాలల పరీక్షాధికారిగా జె.ఎ. యేట్స్ రాకతో తెలుగు బోధన ఎలా ఉండాలన్న చర్చ మొదలైంది. పిల్లలు మాట్లాడే భాష ఒకటి, వాచకంలో భాష మరొకటి. 1911లో ఉద్యోగం విరమించిన రామమూర్తి ఆ అంతరంపైనే పోరు సాగించారు. అంతకాలం చదివినదంతా అప్పుడు అక్కరకొచ్చింది. పాత వచన గ్రంథాలు, వ్యాఖ్యానాలు, శాసనాలు గాలించి, పూర్వులు సైతం వాడుక రూపాలను రాశారని ఆధారాలతో పండితులకు చూపారు. ‘గద్య చింతామణి’ ఆ శ్రమ ఫలమే. 1919లో ‘తెలుగు’ పత్రికను నడిపారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడంతో, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ ఊరిని విడిచి రాజమండ్రి చేరారు. సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో అచ్చయ్యే నాటికి ఆయన వయసు 75 ఏళ్లు. 1940 జనవరి 22న కన్నుమూశారు.