ఆకలిని ఆదర్శం చేయని అంబేద్కర్

గత ఏప్రిల్‌లో ఎల్లారెడ్డిపేటలో అంబేద్కర్ జయంతి సభకు వెళ్లి, పదిహేనేళ్లుగా ఊరూరా చెబుతున్న కథనే మరోసారి చెప్పాను. లండన్‌లో ఆయన ఒక రొట్టెముక్క తిని రోజంతా గ్రంథాలయంలో గడిపిన కథ అది. రాత్రి పదింటికి ఆకలి తట్టుకోలేక రేకు పళ్లెం మీద నాలుగు అప్పడాలు కాల్చుకుని తిన్నారని, తెల్లవారేదాకా చదివారని చెప్పి, ఎదురుగా కూర్చున్న విద్యార్థులతో మీరూ అలా చదవాలన్నాను. చప్పట్లు మోగాయి. ఆ చోట ఎప్పుడూ మోగుతాయి.

సభ ముగిశాక డిగ్రీ రెండో సంవత్సరం చదివే విద్యార్థి ఒకడు నా వెంట సిరిసిల్ల–కామారెడ్డి రోడ్డు దాకా నడిచివచ్చాడు. తల్లి బీడీలు చుడుతుంది. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలితే తిరిగి అన్నం చూసేది సాయంత్రమే. అతడు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు. ఆకలితో చదివినవారిలో అంబేద్కర్ ఒక్కరి పేరే మనకు తెలుసు గదా సార్, అదే ఆకలితో చదువు ఆపేసినవారి లెక్క ఎవరి దగ్గరుందన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నేనూ సంక్షేమ వసతి గృహంలో పెరిగినవాడినే. ఇంటర్‌లో టైఫాయిడ్ వచ్చి పడిపోతే వంటమనిషి ఒకాయన పది రోజులు గంజి కాచి తాపించబట్టి ఆ ఏడాది పరీక్షలు రాయగలిగాను. ఆ గంజి సంగతి ఏ సభలోనూ చెప్పలేదు. అప్పడాల కథ మాత్రం చెబుతూ వచ్చాను.

తిరుగు ప్రయాణంలో అంబేద్కర్ జీవితాన్ని ఆ విద్యార్థి ప్రశ్న వైపు నుంచి మళ్లీ తలచుకున్నాను. బాగా తెలుసనుకున్న జీవితమే వేరుగా కనిపించింది.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన భీమ్‌రావుకు అయిదారేళ్ల వయసులోనే తల్లి పోయింది. సతారా బడిలో దాహం వేస్తే తనంతట తాను కుళాయి తిప్పకూడదు, నౌకరు వచ్చి తిప్పాలి. నౌకరు రాని రోజు నీళ్లు లేవు. ఆరోగ్యానికీ కులానికీ ఉన్న సంబంధాన్ని వివరించడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కరలేదు. కుటుంబం బొంబాయి చేరాక పరేల్‌లో కార్మికుల చాల్‌లో ఒకే గదిలో కాపురం. వంట, కట్టెలు, తిరుగలి, ఒక మేక, అన్నీ అందులోనే. కొడుకు ముందుగా పడుకోవాలని తండ్రి రాంజీ రెండింటిదాకా మేల్కొని ఉండేవారు. ఆ తరువాత కొడుకును లేపి దీపం ముందు కూర్చోబెట్టి, ఆ చోట తాను పడుకునేవారు. చదువుకోవడానికి చోటు లేని ఇంట్లో తండ్రి తన నిద్రను పంచి ఇచ్చాడు.

ఇంటి రణగొణ తప్పించుకోవడానికి ఆ కుర్రవాడు చర్నీ రోడ్డు తోటలో కూర్చుని చదువుకునేవాడు. అదే తోటకు వచ్చే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు అతణ్ని గమనించారు. ఎవరివి, ఏం చదువుతున్నావని పలకరించారు. 1907లో మెట్రిక్ గట్టెక్కినప్పుడు జరిగిన అభినందన సభలో తాను రాసిన బుద్ధుని చరిత్ర బహూకరించారు. పై చదువుకు డబ్బు లేక ఆగిపోయే దశలో బరోడా మహారాజు సాయాజీరావు గాయక్వాడ్ దగ్గరకు తీసుకువెళ్లినదీ ఆయనే. నెలకు 25 రూపాయల వేతనం మంజూరైంది. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో ముల్లర్ అనే ఆచార్యుడు పుస్తకాలు ఇచ్చారు, బట్టలూ ఇచ్చారు. అదే కళాశాల ఆవరణలోని హోటలు యజమాని ఆ విద్యార్థికి టీ గానీ నీళ్లు గానీ ఇవ్వలేదు.

ఇక్కడ కొంత ఆగాలి. మనం ప్రతిభ గురించి మాట్లాడేటప్పుడు తోటలో పలకరించిన ఆ మనిషిని మరచిపోతాం. ఇవాళ విశ్వవిద్యాలయాలలో కౌన్సెలింగ్ అని పిలుస్తున్నదానిలో సగం ఆ పలకరింపే. మిగతా సగం ఆ పాతిక రూపాయలు. రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా రాజ్యాంగ ముసాయిదా సంఘానికి వేరే అధ్యక్షుణ్ని వెతుక్కోవలసి వచ్చేది.

1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించారు. అదే ఏడాది బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనంతో ఆయనను న్యూయార్క్‌కు పంపింది. మూడేళ్ల గడువు, తిరిగి వచ్చి పదేళ్లు సంస్థానంలో పనిచేయాలన్న ఒప్పందం. అందులోంచే ఇంటికి పంపాలి గనుక తిండిని కుదించుకున్నారు. అయినా కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయనకు మనదేశంలో దొరకనిది ఒకటి దొరికింది. వసతి గృహంలో అందరితోపాటు గది, అందరి బల్ల మీదే భోజనం. ఒకే గదిలో ఉన్న నవల్ భతేనా అనే పార్సీ విద్యార్థి జీవితాంతం స్నేహితుడయ్యాడు. తరువాత లండన్ చదువులో చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు డబ్బు పంపినవాడు ఆయనే.

కొలంబియాలో పరిశోధన పూర్తిచేసి, లండన్‌లో చదువు మధ్యలో వేతనం గడువు తీరిపోయి, 1917లో ఆయన బరోడా కొలువుకు వచ్చారు. ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో మారుపేరుతో దిగితే పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఇద్దరు మిత్రులను ఆశ్రయమడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ మొహమాటంగానే కాదన్నారు. ఇరవయ్యారేళ్ల అర్థశాస్త్రవేత్త రాత్రి రైలు వేళయ్యేదాకా కామాటీబాగ్ తోటలో చెట్టు కింద కూర్చుని ఏడ్చారు. ఈ సంగతిని ఆయనే రాసుకున్నారు. మనం మాత్రం సభల్లో ఏడ్చిన అంబేద్కర్‌ను చూపించం. కోటు తొడిగి, వేలు చాచిన విగ్రహాన్నే చూపిస్తాం. కుంగిపోయిన విద్యార్థి ఆ విగ్రహం ముందు నిలబడి, తనకు ధైర్యం తక్కువనుకుంటాడు.

1920లో మళ్లీ లండన్. సిడెన్‌హామ్ కళాశాలలో ఉద్యోగం చేస్తూ దాచుకున్న డబ్బు, భతేనా ఇచ్చిన అప్పు, కొల్హాపూర్ సాహు మహారాజు సాయం కలిపి ప్రయాణం కట్టారు. సాహు మహారాజు అప్పటికే తన సంస్థానంలో కులాలవారీగా విద్యార్థులకు వసతి గృహాలు కట్టించినవాడు, పస్తుల విలువ తెలిసిన రాజు. ఆ రొట్టెముక్కా అప్పడాలూ ఈ రోజులవే. ఎం.ఎస్‌సి., బారిస్టరు, డి.ఎస్‌సి. 1923 నాటికి చేతికొచ్చాయి. బొంబాయిలో రమాబాయి ఆ సంవత్సరాల్లో పిడకలు చేసి అమ్మి పొయ్యి వెలిగించింది. ఆ దంపతులకు పుట్టిన అయిదుగురిలో నలుగురు పిల్లలు పసితనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న 1926లో పోయాడు. రమాబాయి 1935 మే 27న కన్నుమూసింది. లండన్ పస్తులను ఒక్కడి తపస్సుగా చెప్పినప్పుడు ఈ లెక్క మాయమవుతుంది. ఆ చదువుకు చెల్లించిన ధరలో పెద్ద వాటా ఒక స్త్రీ శరీరమూ నలుగురు పిల్లల ప్రాణాలూ. ఇది ఆయనకు తెలుసు. తెలియనట్టు మాట్లాడుతున్నది మనమే.

తిరిగి వచ్చాక ఆయన చేసిన పనుల వరుస చూడండి. 1924 జూలైలో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. 1925 జనవరిలో ఆ సభ షోలాపూర్‌లో ఉన్నత పాఠశాల విద్యార్థులకు వసతి గృహం తెరిచింది. మహాడ్ చెరువు పోరాటం 1927 మార్చిలో. అంటే చెరువు నీళ్ల కంటే ముందు ఆయన చేయిపెట్టింది విద్యార్థి కంచంలోకి. అన్నం, మంచం, పుస్తకం, బట్టలు ఉంటేనే చదువు నిలుస్తుందన్న తన అనుభవం అక్కడ సంస్థ రూపం తీసుకుంది. వసతి గృహాలు నడపడానికి 1928లో దళితవర్గాల విద్యా సంఘాన్ని విడిగా ఏర్పాటు చేశారు. రాజులూ మిత్రులూ తనకు దయతో ఇచ్చినదాన్ని తరువాతివారికి సర్కారు బాధ్యతగా రాబట్టడం ఆయన పట్టుదల. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరిన కొద్ది నెలలకే అణగారిన కులాల కష్టాలపై వినతిపత్రం ఇచ్చారు. దాని ఫలితంగా ఉన్నత విద్యకు ఏటా మూడు లక్షల రూపాయలు కేటాయించారు. నేడు మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్న పథకం 1944లో అలా మొదలైంది. ఎల్లారెడ్డిపేట విద్యార్థి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, మంజూరు కోసం నెలల తరబడి ఎదురుచూసేది దాని వారసత్వం కోసమే.

1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ. 1946 జూన్ 20న బొంబాయిలో సిద్ధార్థ కళాశాల. పగలు కొలువు చేసుకునే విద్యార్థులు రాగలిగేట్టు ఉదయపు తరగతులు పెట్టారు. విద్యార్థి కళాశాల వేళలకు తగ్గట్టు బతకాలనకుండా, విద్యార్థి బతుకుకు తగ్గట్టు కళాశాల వేళలు మార్చిన నిర్వాహకులు మన చుట్టూ ఎందరున్నారో నాకు తెలియదు. సిరిసిల్లలో రాత్రి షిఫ్టు మరమగ్గం నడిపి పొద్దున తరగతికి వచ్చే పద్మశాలి కుర్రవాడి నిద్రను హాజరు పట్టీలో లెక్కవేసే పద్ధతి మాత్రం మన దగ్గర లేదు.

1950 జూన్‌లో ఔరంగాబాద్‌లో మరో కళాశాల తెరిచారు. 1951 సెప్టెంబరు 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. తరువాత అది మిలింద్ కళాశాల అయింది. అప్పటికి ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలోనిది. అంటే ఆ రోజున ఔరంగాబాదూ ఎల్లారెడ్డిపేటా ఒకే ప్రభుత్వం కింద ఉన్న ఊళ్లు. నిజాం ఏలుబడిలో ఉన్నత విద్యకు నోచుకోని వెనుకబడ్డ ప్రాంతమనే ఆయన మరాఠ్వాడాను ఎంచుకున్నారు. చదువుకు దూరమైన పల్లెల బిడ్డలకు హాస్టళ్లతో సహా ఆవరణ కట్టించారు. మధుమేహం, కాళ్ల నరాల నొప్పులు కుంగదీస్తున్న రోజుల్లో అక్కడికి వెళ్లి కట్టడం పనులు చూసుకునేవారు. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారి ఔరంగాబాద్ బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది, మనం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. డిసెంబరు 6న ఆయన పోయారు. మిలింద్ లాంటి ఆవరణ కరీంనగర్ వైపు రాలేదు.

ఆకలిని దాటివచ్చినవారు రెండు రకాలు. తాము పడ్డాం గనుక మీరూ పడండనేవారు ఒకరు. తాము పడ్డది ఇంకొకరు పడకూడదనేవారు మరొకరు. అంబేద్కర్ రెండో రకం. నా ఉపన్యాసం ఆయనను మొదటి రకంగా మార్చివేసింది.

మార్చడం నా ఒక్కడి పనీ కాదు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం వసతి గృహాల భోజన ఛార్జీలు పెంచింది. కళాశాల విద్యార్థికి నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలు. మంచి పనే. భాగిస్తే రోజుకు 70 రూపాయలు, అన్ని పూటలకూ కలిపి. హాస్టల్‌లో సీటు లేక ఇంటి నుంచి వచ్చే విద్యార్థికి అదీ లేదు. పదో తరగతి దాకా బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లవాడికి ఇంటర్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి మధ్యాహ్నం ఆకలి వేయదని వ్యవస్థ అనుకుంటుంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో భోజనం పెడతామని 2020లో ఇక్కడ ప్రకటించారు. తరువాతి విద్యా సంవత్సరాల్లో ఆ ప్రకటన వంటశాల దాకా రాలేదు. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో మొదలుపెట్టింది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు ఛార్జీ లేదు. కళాశాలకు రావడం సులువైంది. వచ్చాక తినడానికి ఏమీ లేదు. రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. చివరి బెంచీలో తల వాల్చిన అమ్మాయిని నిద్రపోతు అని లేపే ముందు అధ్యాపకులం ఆ సంగతి గుర్తుచేసుకోవాలి.

పలకరించే మనిషి సంగతి ఇంకా దూరం. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సిలర్ ఉండాలని ఆదేశించింది. మండల కేంద్రాల కళాశాలల్లో బోధన ఖాళీలే నిండవు, కౌన్సిలర్ ఎక్కడి నుంచి వస్తారు? వచ్చినా దళిత విద్యార్థి తన బాధ చెప్పుకోగల మనిషి అవుతారా అన్నది విడి ప్రశ్న. రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకునేనాటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉంది. పాతిక రూపాయలూ పలకరింపూ రెండూ ఆగిపోయిన చోటు అది.

డిసెంబరు 6 సభకు రమ్మని ఎల్లారెడ్డిపేట నుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి షోలాపూర్ హాస్టల్ గురించి మాట్లాడతానన్నాను. సభ సాయంత్రం విగ్రహం దగ్గర కాకుండా మధ్యాహ్నం కళాశాలలో పెట్టి, దండలకూ శాలువాలకూ అయ్యే డబ్బుతో ముందు పిల్లలకు భోజనం పెట్టగలరా అని అడిగాను. కమిటీలో మాట్లాడి చెబుతామన్నారు.