పేరు అడగని ఆతిథ్యం
షేక్ ఇబ్రహీం బుర్క్‌హార్ట్ జీవితం, ఎడారి గుడారంలో కాఫీ

కైరో నగరంలో బాబున్నస్ర్ ద్వారం దగ్గరున్న ప్రాచీన కబరస్తాన్‌లో ఒక సమాధి ఉంది. దాని మీద అరబ్బీ లిపిలో షేక్ ఇబ్రహీం ఇబ్నె అబ్దుల్లా అన్న పేరు కనిపిస్తుంది. ఆ సమాధిలో నిద్రిస్తున్న వ్యక్తి పుట్టింది మాత్రం అరబ్బు దేశంలో కాదు, స్విట్జర్లాండ్‌లో. తల్లిదండ్రులు పెట్టిన పేరు యోహాన్ లుడ్విగ్ బుర్క్‌హార్ట్. జోర్డాన్ కొండల్లో మరుగున పడిన పెట్రా నగరాన్ని బయటి ప్రపంచానికి తెలియజేసినవాడిగా చరిత్ర పుస్తకాలు ఆయన్ని పేర్కొంటాయి. మనం ఇక్కడ తలచుకోబోయేది ఆ నగరం కంటే ఎక్కువగా ఆ నగరానికి వెళ్లే దారిలో ఆయనకు నీడనిచ్చిన నల్లని గుడారాలను, ఆ గుడారాల్లో పొయ్యి మీద ఆరకుండా ఉండే కాఫీ పాత్రను.

బుర్క్‌హార్ట్ 1784 నవంబరులో లోజాన్ పట్టణంలో జన్మించారు. బాసెల్ నగరానికి చెందిన సంపన్న వర్తక కుటుంబం వారిది. ఫ్రెంచి విప్లవం తెచ్చిన అల్లకల్లోలంలో ఆ కుటుంబం ఇబ్బందుల పాలైంది. లైప్‌జిగ్, గొట్టింగెన్ విశ్వవిద్యాలయాల్లో చదువు ముగించుకుని, 1806లో ఆయన బతుకుతెరువు వెతుక్కుంటూ ఇంగ్లండు చేరారు. ఆఫ్రికాలో నైజర్ నది ఎటు ప్రవహిస్తుందో కనుగొనాలని లండన్‌లో ఒక సంఘం ఆరాటపడుతున్న రోజులవి. కైరో నుంచి బయలుదేరే వర్తకుల బిడారుతో కలిసి సహారా ఎడారిని దాటే పనిని ఆ సంఘం ఈ యువకుడికి అప్పగించింది.

ఆయన సిద్ధపడిన తీరు గమనించదగ్గది. కేంబ్రిడ్జిలో అరబ్బీ నేర్చుకున్నారు. వైద్యం, ఖగోళం, రసాయన శాస్త్రాల పాఠాలు విన్నారు. అంతటితో ఆగక, ఎండలో తలపాగా లేకుండా మైళ్లకొద్దీ నడిచారు. కటిక నేల మీద పడుకున్నారు. కూరగాయలు, నీళ్లతోనే రోజులు గడిపారు. 1809లో ఇంగ్లండు వదిలి, మాల్టా మీదుగా సిరియాలోని అలెప్పో నగరం చేరారు. అక్కడ రెండేళ్లకు పైగా ఉండి అరబ్బీని పట్టుదలతో సాధించారు. దివ్యఖుర్‌ఆన్‌ను, షరీఅత్ గ్రంథాలను చదివారు. ఆయన తన కోసం ఎంచుకున్న పేరు ఇబ్రహీం. ముక్కూమొహం తెలియని అతిథులు వాకిట్లోకి వస్తే, వాళ్లెవరని ఆరా తీయకుండా వేయించిన దూడ మాంసాన్ని ముందు పెట్టిన ప్రవక్త ఇబ్రహీం అలైహిస్సలాం పేరు అది. ఆ పేరు పెట్టుకున్న మనిషి తన ఎడారి జీవితమంతా అటువంటి ఆతిథ్యం మీదనే ఆధారపడవలసి రావడం విశేషం.

గుడారంలో కాఫీ

సిరియా ఎడారి అంచుల్లో, హౌరాన్ పల్లెల్లో, జోర్డాన్ కొండల్లో ఆయన బద్దూ అరబ్బుల మధ్య తిరిగారు. వారి గుడారం మేక వెంట్రుకలతో నేసిన నల్లని గుడ్డ. లోపల ఒక తెర అడ్డంగా ఉంటుంది. తెరకు ఒకవైపు ఆడవారు, మరోవైపు మగవారు, అతిథులు. మగవారి వైపు నేలలో తవ్విన చిన్న గుంటే పొయ్యి. దాని పక్కన కాఫీ సామాను ఉంటుంది. ఇంట్లో ఇంకేమీ లేకపోయినా ఆ సామాను ఉండవలసిందే.

అడవిలో, ఎడారిలో మంచి కాఫీ కాయడం తేలికైన పని కాదు. కట్టెలు దొరకవు, నీళ్లు కరువు. తోలు తిత్తిలో మోసుకొచ్చిన నీటికి ఒక్కోసారి ఉప్పదనం ఉంటుంది. అందుకే బద్దూలు ఈ పనికి తొందరపడరు. ఎండిన ముళ్లకంప, ఒంటె పేడ రాజేసి, మంట తగ్గి నిప్పులు మిగిలే దాకా ఆగుతారు. పొడవాటి కాడ ఉన్న ఇనుప గరిటెలాంటి మూకుడులో పచ్చి గింజలు పోసి, ఇనుప పుల్లతో ఆపకుండా కలుపుతూ వేయిస్తారు. ఒక్క గింజ మాడినా కాఫీ అంతా చేదెక్కుతుంది కాబట్టి చూపు తిప్పరు. వేగిన గింజల్ని చెక్క పళ్లెంలో పోసి చల్లారనిస్తారు. వేడిగా దంచితే గింజ సరిగా నలగదు.

ఆ తరువాత రోలు, రోకలి. కాఫీ దంచే చప్పుడుకు ఒక లయ ఉంటుంది. ఆ చప్పుడు చుట్టుపక్కల గుడారాలకు పిలుపు. అతిథి వచ్చాడనీ, కాఫీ సిద్ధమవుతోందనీ విన్నవారందరికీ తెలుస్తుంది. పొడిని మెత్తగా కాక బరకగా దంచుతారు. మరిగిన నీళ్లలో ఆ పొడి వేసి, పొంగు రాగానే నిప్పుల మీద నుంచి తీసి, పొంగు అణిగాక మళ్లీ పెడతారు. చివరకు మడ్డి అడుగుకు చేరేవరకు పాత్రను కదపకుండా పక్కన ఉంచుతారు. తేరుకున్న కాఫీని చిన్న దల్లాలోకి వంచి, దంచిన యాలకులు వేస్తారు. దల్లా ముక్కులో ఖర్జూరపు పీచు కుక్కితే అదే వడపోత. పాలు లేవు, చక్కెర లేదు. ఉంటే పక్కన నాలుగు ఖర్జూరాలు.

పోసే పద్ధతికీ మర్యాద ఉంది. ముందుగా ఆతిథ్యమిచ్చేవాడే ఒక గుక్క తాగి చూస్తాడు. అతిథికి హాని లేదని చెప్పే తీరు అది. ఎడమ చేత దల్లా, కుడి చేత పిడిలేని చిన్న ఫిన్‌జాన్. అందులో అడుగున కొంచెమే పోస్తారు. నిండా పోస్తే, తాగి త్వరగా వెళ్లమన్నట్టే. చాలనిపిస్తే అతిథి ఖాళీ కప్పును కొద్దిగా ఊపుతాడు, నోరు తెరిచి చెప్పనక్కరలేదు.

దారిలో దోపిడీ, గుడారంలో రక్షణ

1812 వేసవిలో షేక్ ఇబ్రహీం డమాస్కస్ నుంచి కైరోకు బయలుదేరారు. మామూలు దారి వదిలి, మృత సముద్రానికి తూర్పున ఉన్న కొండల గుండా ప్రయాణించారు. కరక్ పట్టణంలో అడుగుపెట్టగానే జనం ఆయన గుర్రం కళ్లెం పట్టుకుని, మా ఇంటికి రమ్మంటే మా ఇంటికి రమ్మని పోటీపడ్డారు. ఆ ఊళ్లో వెన్న అమ్ముకోవడాన్ని నామోషీగా చూసేవారు. వెన్న ఉన్నది అతిథుల కోసమని వారి భావన.

అయితే అదే ఊళ్లో ఆయనకు మరో అనుభవమూ ఎదురైంది. క్షేమంగా ముందుకు పంపుతానని మాట ఇచ్చిన ఊరి పెద్ద ఆయన డబ్బులో చాలా భాగం గుంజుకున్నాడు. అతడు చూపించిన దారికాడు మిగిలింది కూడా తీసుకుని, ఆయన్ని నడి ఎడారిలో వదిలేసి పోయాడు. చేతిలో ఏమీ లేని ఆ మనిషి దగ్గరలోని బద్దూల విడిదిని వెతుక్కుంటూ చేరుకున్నారు. అక్కడే మరో దారికాడు దొరికాడు. ప్రయాణం సాగింది.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది. ఎడారి మనుషులంతా దేవదూతలని బుర్క్‌హార్ట్ ఎన్నడూ రాయలేదు. దారి దోచుకునే తెగల గురించి, వారి దురాశ గురించి ఆయన నిర్మొహమాటంగా రాశారు. అదే కలంతో, ప్రాణభయంతో గుడారం చేరినవాడిని కాపాడటం వారి కట్టుబాటని, దాన్ని తప్పినవాడికి తన తెగలోనే తలవంపులని కూడా రాశారు. బయట దోచుకునేవాడే లోపల కాపు కాస్తాడు. ఆ రెంటికీ నడుమ ఉన్న గీత గుడారం గుమ్మం. ఆ గీత దాటి వచ్చాడనడానికి గుర్తు కాఫీ.

1812 ఆగస్టు 22న ఆయన పెట్రా చూశారు. హారూన్ అలైహిస్సలాం సమాధి వద్ద మేకను బలి ఇస్తానని మొక్కుకున్నట్టు చెప్పి, ఒక జత పాత గుర్రపు నాడాలు కూలిగా ఇచ్చి, దారికాణ్ణి వెంటబెట్టుకున్నారు. శిథిలాలను పదేపదే చూస్తుంటే నిధి కోసం వచ్చాడని దారికాడికి అనుమానం వచ్చింది. అందుకే ఎక్కువసేపు నిలవలేకపోయారు. రాసుకోవలసిన మాటల్ని ఆయన అంగీ మాటున దాచి రహస్యంగా రాసుకునేవారు.

మక్కా ప్రయాణం

కైరోలో బిడారు దొరకలేదు. ఎదురుచూపుల్లో కాలం వృథా చేయక 1813లో నైలు నది వెంట దక్షిణానికి వెళ్లి, ఇసుకలో సగం కూరుకుపోయిన అబూ సింబెల్ మహా విగ్రహాలను చూశారు. 1814లో పేద వర్తకుడి వేషంలో నూబియా ఎడారి దాటారు. ఆ దారిలో షెండీ సంతలో ఒక బానిస బాలుణ్ణి కొన్నారు. వర్తకుడి వేషానికి అది సరిపోయి ఉండవచ్చు గాని, ఒక పసివాడి బతుకును కొనడం ఆయన జీవితంలో మచ్చే. మేము దాన్ని దాచదలచుకోలేదు.

ఎర్రసముద్రం దాటి 1814 జూలైలో జిద్దా చేరారు. యెమెన్ కాఫీ వచ్చి చేరే పెద్ద రేవు అది. ఆ ఒక్క ఊళ్లో 27 కాఫీ అంగళ్లను ఆయన లెక్కపెట్టారు. హిజాజ్‌లో ఒక మనిషి రోజుకు ఇరవై ముప్పై కప్పులు తాగడం వింత కాదని, నిరుపేద కూలీ కూడా మూడు నాలుగు కప్పులకు తగ్గడని నమోదు చేశారు. గింజకు బదులు దాని పొట్టుతో కాచే కిషర్ అనే పానీయాన్నీ వదలలేదు.

తాయిఫ్‌లో విడిది చేసిన ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషాకు ఆయన మీద సందేహాలు కలిగాయి. అది రమజాన్ మాసం. షేక్ ఇబ్రహీం ఖాజీ దగ్గరకు వెళ్లి, ఆయనతో కలిసి ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ నమాజులో సుదీర్ఘంగా ఖుర్‌ఆన్ పఠించారు. మక్కాకు దారి దొరికింది. ఆ ఏడు హజ్ చేశారు. 1815లో మదీనాలో తీవ్రంగా జబ్బుపడి, బక్కచిక్కిన దేహంతో కైరో చేరారు.

నా అతిథి

1816లో కైరోలో ప్లేగు వ్యాపించినప్పుడు ఆయన సినాయి కొండలకు వెళ్లారు. అక్కడి బద్దూలలో ఆయన గమనించిన ఒక ఆచారం మమ్మల్ని ఎంతో కదిలించింది. దూరాన ఒక కొత్త మనిషి విడిది వైపు వస్తూ కనిపిస్తే, మొదట చూసినవారు నా అతిథి వస్తున్నాడని కేక వేస్తారు. కేక వేసింది పెద్దవాడైనా, చిన్నపిల్లాడైనా సరే, ఆ రాత్రికి అతిథి వారివాడే. వచ్చేవాడి మొహం ఇంకా కనిపించదు. పేరు, తెగ, బీదా ధనికా ఏదీ తెలియదు. కేక మాత్రం ముందే పడుతుంది.

ఎదురుచూసిన సహారా బిడారు సిద్ధమయ్యే వేళకు ఆయనకు రక్తవిరేచనాలు సోకాయి. 1817 అక్టోబరు 15న కైరోలో కన్నుమూశారు. అప్పటికి 33 ఏళ్లు నిండలేదు. నైజర్ నదిని ఆయన చూడనే లేదు. అరబ్బీ చేతిరాత గ్రంథాలను కేంబ్రిడ్జికి రాసిచ్చారు. నూబియా, సిరియా, అరేబియా యాత్రల పుస్తకాలు 1819 నుంచి ఒక్కొక్కటిగా వెలువడ్డాయి. బద్దూల గురించిన పుస్తకం 1830లో వచ్చింది.

ఆయన మనసారా ముస్లిం అయ్యారా, లేక అది ప్రయాణం కోసం ధరించిన వేషమా అన్న వాదం రెండు శతాబ్దాలుగా నడుస్తోంది. యూరపు రచయితలు కొందరు అటు, కొందరు ఇటు. కైరో ముస్లింలు మాత్రం వాదానికి దిగలేదు. ఇస్లామీయ పద్ధతిలో ఖననం చేశారు. మనసులోని మాట అల్లాహ్‌కే తెలుసు. ఆయన నిజం దాచి ఉంటే, ఆ లెక్క ఆయనది. నీడనిచ్చినవారి ఆతిథ్యం మాత్రం కల్తీ లేనిది. ఆ మనిషి ఎవరో తేల్చుకున్నాకే కాఫీ పోస్తామని వారు షరతు పెట్టలేదు. పెట్టి ఉంటే ఆయన ప్రాణం ఎడారిలోనే పోయేది.

2015లో యునెస్కో సంస్థ అరబ్బు కాఫీని ఔదార్యానికి చిహ్నంగా మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చిన మన బంధువుల ఇళ్లలో అద్దాల బీరువాలో బంగారు రంగు దల్లాలు కనిపిస్తూ ఉంటాయి. అవి అలంకారానికి అందమే. అయితే దల్లా పుట్టింది బీరువా కోసం కాదు. కాఫీ అయినా చాయ్ అయినా మంచినీళ్లయినా, తలుపు తట్టిన మనిషిని ఏ ఊరు, ఏ కులం, ఎవరి తాలూకు అని అడగకముందే చేతికి అందించడంలో దాని విలువ ఉంది. మన పిల్లలు వాకిట్లో కొత్త మనిషిని చూసినప్పుడు ఏమని కేక వేస్తున్నారో, దాన్ని వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇంటి పెద్దలుగా మనం ఒకసారి ఆలోచించుకుందాం.