కరువులో వెలసిన కోవెల.. మెదక్ చర్చి నిర్మాత పాస్నెట్ ప్రస్థానం

హఫీజ్‌పేట్: క్రిస్మస్ వచ్చిందంటే హఫీజ్‌పేట్, మియాపూర్, కొండాపూర్ ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు మెదక్ బాట పడతాయి. సుమారు వంద కిలోమీటర్ల ఈ దూరాన్ని నేడు రెండు మూడు గంటల్లో చేరుకోవచ్చు. నూటపాతికేళ్ల క్రితం అదే ప్రయాణానికి గుర్రంపై రెండు రోజులు పట్టేది. ఆనాడు అలా ప్రయాణించి, ఓ చిన్న ఊరిలో ఆసియాలోని పెద్ద చర్చిల సరసన నిలిచే మందిరాన్ని కట్టించిన వ్యక్తి చార్లెస్ వాకర్ పాస్నెట్.

దండు విడిచి పల్లెకు..

పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1895లో సికింద్రాబాద్‌కు వచ్చిన ఆయనకు మొదట తిరుమలగిరిలోని బ్రిటిష్ సైనికులకు బోధకునిగా బాధ్యతలు అప్పగించారు. దండులోని ఆ కొలువు ఆయనకు తృప్తినివ్వలేదు. తెలుగు పల్లెల మధ్య పనిచేయాలన్న తలంపుతో మరుసటి సంవత్సరమే మెదక్ చేరారు. అప్పటికి ఆ ప్రాంతంలో క్రైస్తవులు చాలా తక్కువ మందే. మిషన్ ఆధ్వర్యంలో అక్కడ పాఠశాలలు, వైద్యశాల వెలిశాయి. పాస్నెట్ సోదరి ఎమిలీ కూడా మెదక్‌లోనే సేవలందించారు. ఊరి వెలుపలి వాడల్లో అంటరానివారిగా బతుకుతున్న దళిత కుటుంబాలకు ఈ బడి, ఆసుపత్రి తలుపులు తెరుచుకోవడం ఆనాడు చిన్న విషయం కాదు.

పనికి ఆహారం

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మెదక్ ప్రాంతాన్ని కరువు కమ్ముకుంది. పనులు లేక, తిండి గింజలు లేక పల్లెలు అల్లాడిపోయాయి. ఆ దశలో పాస్నెట్ ఉచితంగా ధాన్యం పంచి ఊరుకోలేదు. 1914లో చర్చి నిర్మాణం ప్రారంభించి, పని చేసిన వారికి ప్రతిఫలంగా ఆహారం అందే ఏర్పాటు చేశారు. చేయి చాచి అడుక్కోనవసరం లేకుండా చెమటోడ్చి కుటుంబాన్ని పోషించుకునే అవకాశం కూలీలకు దక్కింది. ఇలా మొదలైన పని పదేళ్లపాటు సాగింది.

కరువు వేళ అన్నం పెట్టిన మిషన్‌లో పేదలు చేరింది ఆకలితోనా, విశ్వాసంతోనా అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఆకలిని, విశ్వాసాన్ని, ఆత్మగౌరవ కాంక్షను విడదీసి చూడటం తేలిక కాదు. కరువు తొలగింది, కూలి పని ముగిసింది. అయినా సంఘం చెదరలేదు. తరాలు మారినా ఆ మందిరంతో అనుబంధాన్ని వదులుకోని కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి.

రాతిలో గోథిక్ సొగసు

ఇంగ్లండ్‌కు చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ గోథిక్ శైలిలో నమూనా రూపొందించింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుతో నిర్మించిన ఈ మందిరంలో సుమారు 5 వేల మంది కూర్చుని ప్రార్థించవచ్చు. గోపురం ఎత్తు 175 అడుగులు. నేలపై పరచిన రంగురంగుల పలకలను బ్రిటన్ నుంచి తెప్పించారు. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణ ఘట్టాలను చూపే మూడు రంగుటద్దాల కిటికీలు చర్చికి ప్రత్యేక ఆకర్షణ. వీటిని ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రూపొందించారు. సూర్యకాంతి ఉన్నంతసేపే ఈ చిత్రాలు కనిపిస్తాయి. పొద్దుగూకితే లోపలి నుంచి చూసేవారికి అవి మసకబారిపోతాయి.

1924 డిసెంబరు 25న మందిరాన్ని ప్రతిష్ఠించారు.

పల్లె పేరే పీఠానికి..

పాస్నెట్ కట్టించిన నాటికి ఇది మెథడిస్టు ప్రార్థనా మందిరం మాత్రమే. ఆ సంఘానికి ఇక్కడ బిషప్‌లు లేరు కనుక కథెడ్రల్ అన్న హోదా కూడా లేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. అనంతరం మెదక్ చర్చి బిషప్ పీఠమైంది. సాధారణంగా నగరం పేరిట ఏర్పడిన పీఠం కింద పల్లెలు ఉంటాయి. ఇక్కడ మాత్రం హైదరాబాద్ మహానగరమే మెదక్ అధ్యక్ష మండలంలో భాగమైంది.

2024 డిసెంబరు 25న చర్చి శత వసంతాలు పూర్తి చేసుకుంది. చరిత్ర పుటల్లో పాస్నెట్ పేరు పదిలంగా ఉంది. ఆయనతో పాటు రాళ్లు మోసి, సున్నం కలిపి, గోపురాన్ని నింగికెత్తిన కూలీల్లో ఎందరి పేర్లో నేటి తరానికి తెలియవు. కరువును ఎదిరించి వారు పేర్చిన రాళ్లు మాత్రం నూరేళ్లు దాటినా చెక్కుచెదరలేదు.