గొంతు పోయినా పాట పోలేదు

ఉగాది పచ్చడిలో వేపపువ్వూ తప్పదు, కొత్తబెల్లమూ తప్పదు. ఈ మాట ఏటేటా అనుకొనేదే గాని, నిరుడు మా ఇంట మరచినాము. సోలాపురంలో మగ్గం మీదనే బ్రతుకు వెళ్ళబుచ్చిన మా తండ్రిగారికి గొంతులో కేన్సరని తేలినది. కారం మాన్పించుమని వైద్యులన్నారు, మాన్పించినాము. వారు చెప్పని పాటలు, పేకాట, అరుగుమీది కబుర్లు కూడ భయంచేత మేమే మాన్పించినాము. ఆయన చిక్కిపోయినది జబ్బుచేతనో దిగులుచేతనో తెలియలేదు. అప్పుడు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి జీవితము మాకు జ్ఞాపకము వచ్చినది.

శాస్త్రిగారు 1897 నవంబరు 1న పిఠాపురం దగ్గర రావువారి చంద్రంపాలెంలో పండిత వంశమున జన్మించినారు. 1920లో వైద్యం కొరకు రైలులో బళ్ళారికి పోవుచుండగా, దారిలో చూచిన ప్రకృతియే కృష్ణపక్షం కావ్యమునకు ప్రేరణ అయినదందురు. రైల్వే గుమాస్తాలమైన మాకు ఈ ముచ్చట మరీ ఇష్టము. తరువాత వారు ఆకాశవాణికి పాటలు, నాటికలు వ్రాసినారు. 1951లో మల్లీశ్వరి పాటలతో వారి పేరు ఇంటింటా వినబడినది.

వారి కవిత్వమెంత తీయనో మాటయు నంత తీయన. అట్టి గొంతును 1963లో కేన్సరు హరించినది. మాటకారికి ఇంతకన్న చేదేమున్నది?

అయినను శాస్త్రిగారు తలుపులు మూసికొని కూర్చుండలేదు. చెప్పదలచినది కాగితంపై వ్రాసి చూపుచు, పదహారేండ్లకు పైగా జీవించినారు. 1968లో ఉండమ్మా బొట్టుపెడతా, 1976లో అమెరికా అమ్మాయి, 1978లో సీతామాలక్ష్మి చిత్రాల పాటలు మాటపోయిన ఆ కాలమున వ్రాసినవే. 1976లో పద్మభూషణ్, 1978లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినవి. 1980 ఫిబ్రవరి 24న వారు మద్రాసులో కన్నుమూసినారు. 1982లో మేఘసందేశం వచ్చినపుడు, అందులో వారి పాటలు లోకమంతా విన్నది.

ఇది తలచుకొని మేము మా పద్ధతి మార్చుకొన్నాము. వైద్యులు చెప్పిన మెత్తని అన్నము, జావ, పెరుగు కొంచెం కొంచెంగా పలుమారులు పెట్టుచున్నాము. పొగాకు ఇంటి గడప తొక్కనీయము. బీడీలు చుట్టు మన పేటలో ఈ మాట గట్టిగా చెప్పవలసియున్నది. కాని సాయంత్రం పాటలు మరల వినిపించుచున్నాము, అరుగుమీద నేస్తులు మరల చేరుచున్నారు. ఆయన పలక మీద వ్రాసి వారితో పరిహాసము లాడుచున్నారు.

ఈ ఉగాదికి వైద్యుల అనుమతితో కారము లేని పచ్చడి మెత్తగా నూరి ఒక చెంచాడు ఇయ్యదలచినాము. అందులో చేదున్నది, తీపియు నున్నది. సోదర కుటుంబములకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.