ఆర్థర్ కాటన్, గన్నవరం అక్విడక్టు

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (మే 15, 1803 – జూలై 24, 1899) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించి, కరువుకాటకాలతో క్షీణించిన గోదావరి డెల్టాను సస్యశ్యామలం చేసాడు. గోదావరి జిల్లాల ప్రజలు ఈయనను కాటన్ దొర అని గౌరవంగా పిలుచుకుంటారు. ఈయన పథకంలో భాగంగా కోనసీమలోని పి.గన్నవరం వద్ద వైనతేయ నదిపై నిర్మించిన అక్విడక్టు, ప్రాచీన రోమను నాగరికత ప్రపంచానికి అందించిన నిర్మాణ విద్యకు తెలుగునేలపై ఒక చక్కని ఉదాహరణ.

బాల్యం, తొలి ఉద్యోగం

కాటన్ ఇంగ్లండులో హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదవ కుమారుడుగా జన్మించాడు. 15 ఏళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీరింగు దళంలో నియమితుడయ్యాడు. 1821లో భారతదేశం వచ్చాడు. మొదటి బర్మా యుద్ధంలో (1824–1826) పాల్గొన్నాడు.

ఆ తరువాత తంజావూరు ప్రాంతంలో కావేరి పనులు ఆయనకు అప్పగించబడ్డాయి. అక్కడ చోళరాజు కరికాలుడు కట్టించినదిగా ప్రసిద్ధి చెందిన కల్లణైని ఆయన శ్రద్ధగా పరిశీలించాడు. గట్టి రాతి పునాది దొరకని ఇసుక నదిలో సైతం ఆనకట్ట నిలపవచ్చునని గ్రహించాడు. ఆ అనుభవంతోనే 1836 ప్రాంతంలో కొల్లడం నదిపై ఎగువ, దిగువ ఆనకట్టలు నిర్మించాడు. తరువాత గోదావరిపై ఆయన చేసిన పనికి ఇదే పునాది. 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహం చేసుకున్నాడు.

గోదావరి డెల్టా

19వ శతాబ్దపు తొలి సగంలో గోదావరి డెల్టా దుర్భర స్థితిలో ఉండేది. వరదలు ఒక ఏడు, అనావృష్టి మరొక ఏడు ప్రజలను పీడించేవి. 1832–33లో వచ్చిన భయంకరమైన కరువు తీరాంధ్రను అతలాకుతలం చేసింది. 1839లో తుఫాను ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచెత్తింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308 ఉండగా, 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. కళ్ళ ముందే పుష్కలంగా నీరు సముద్రంలో కలుస్తుండగా ఒడ్డున ఉన్నవారు ఆకలితో అలమటించడం ఆనాటి పరిస్థితి.

కాటన్ 1844, 1845లలో సమర్పించిన నివేదికలలో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టి, డెల్టా అంతటా కాలువలు తవ్వాలని ప్రతిపాదించాడు. 1847లో పనులు మొదలయ్యాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాలుగా, నదిలోని లంకలను కలుపుతూ ఆనకట్టను నిర్మించారు. అనారోగ్యం వల్ల కాటన్ సెలవుపై వెళ్ళినపుడు కెప్టెన్ ఓర్ పనులు నడిపించాడు. స్థానికుడైన వీణం వీరన్న ఈ నిర్మాణంలో ముఖ్య సహాయకుడుగా పనిచేసాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

గన్నవరం అక్విడక్టు

ఆనకట్ట పూర్తయినంత మాత్రాన డెల్టా అంతటికీ నీరు అందలేదు. గన్నవరం వద్ద వశిష్ఠ నుండి వైనతేయ పాయ చీలుతుంది. ఈ రెండు పాయలకు, సముద్రానికి నడుమ ఉన్న భూభాగమే నగరం దీవి. చుట్టూ నీరున్నా ఆ దీవికి సాగునీరు లేదు. సముద్రపు పోటు వల్ల పాయల దిగువభాగంలో నీరు ఉప్పగా మారుతుంది. పైగా నదిమట్టం పొలాల కంటె దిగువన ఉంటుంది. ఆనకట్ట నుండి కోనసీమకు వచ్చిన కాలువను వైనతేయ మీదుగా దాటించడం తప్ప వేరే మార్గం లేదు.

నదిపై వంతెనలా కమానులు కట్టి, వాటిపై నీటి కాలువను పారించే నిర్మాణమే అక్విడక్టు. 1850ల తొలి సంవత్సరాలలో లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో దీనిని నిర్మించారు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున్న 49 కమానులు ఇందులో ఉన్నాయి. స్తంభాల మందం కలపకుండా, కమానుల ఖాళీ వెడల్పులే కూడినా 1,960 అడుగులు, అనగా సుమారు 600 మీటర్లు అవుతుంది. దీనితో నగరం దీవిలోని పొలాలకు గోదావరి మంచినీరు చేరింది.

1854లో ప్రారంభమైన గంగా కాలువపై రూర్కీ వద్ద ప్రోబీ కాట్లీ నిర్మించిన సోలానీ అక్విడక్టు దేశంలో ఎక్కువ పేరు పొందినది. అందులో 50 అడుగుల వెడల్పున్న కమానులు 15 ఉన్నాయి. కమానుల సంఖ్యలోనూ, వాటి మొత్తం వెడల్పులోనూ గన్నవరం అక్విడక్టు దానిని మించినది.

రోమను వారసత్వం

నీటిని వాలుతోనే పారించి, లోయలు, నదులు అడ్డువచ్చినచోట కమానులపై దాటించే విధానాన్ని విస్తారంగా వాడినవారు ప్రాచీన రోమనులు. రోము నగరపు మొదటి అక్విడక్టు ఆక్వా అప్పియా క్రీ.పూ. 312లో నిర్మించబడింది. క్రీ.శ. 97లో నగర జలాధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్ తన గ్రంథంలో అప్పటికి ఉన్న తొమ్మిది అక్విడక్టులను వర్ణించాడు. ఫ్రాన్సులో సుమారు 49 మీటర్ల ఎత్తున మూడు అంతస్తుల కమానులతో నిలిచిఉన్న పాంట్ దు గార్, స్పెయిన్‌లోని సెగోవియా అక్విడక్టు ఈ విద్యకు నేటికీ సాక్ష్యాలు. 537లో గోతులు రోమును ముట్టడించి అక్విడక్టులను తెగగొట్టారు. ఆ తరువాత నగరం చాలాకాలం క్షీణదశలో ఉంది. విట్రూవియస్, ఫ్రాంటినస్‌ల గ్రంథాలు 15వ శతాబ్దంలో మరల వెలుగులోకి వచ్చి ఐరోపా ఇంజనీర్లకు పాఠ్యాలయ్యాయి.

శాతవాహనుల కాలంలో ఆంధ్రదేశానికి రోముతో సముద్ర వ్యాపారం ఉండేది. రోమను నాణేలు ఆంధ్ర ప్రాంతంలో పలుచోట్ల లభించాయి. అయితే వర్తకంతో బంగారం వచ్చినది గాని ఈ నిర్మాణ విద్య రాలేదు. అది ఐరోపా మీదుగా, దాదాపు పదిహేడు వందల సంవత్సరాల తరువాత గన్నవరం చేరింది.

రూపం ఒకటే అయినా ప్రయోజనం వేరు. రోమనుల అక్విడక్టులు ముఖ్యంగా నగరవాసుల స్నానశాలలకు, ఫౌంటెన్లకు, త్రాగునీటికి ఉద్దేశించినవి. వాటిలో నీరు పైకప్పు గల ఇరుకు కాలువలో పారేది. గన్నవరం అక్విడక్టు మీద పారేది పంట కాలువ. ఇది పల్లెల కొరకు, వరిపొలాల కొరకు కట్టినది. ఇసుక నదిలో ఆనకట్ట నిలిపే పద్ధతి కావేరి నుండి, కమానులపై నీటిని నడిపే పద్ధతి రోము నుండి వచ్చి కోనసీమలో కలిసాయని చెప్పవచ్చును.

బ్రిటిషు ఇంజనీరు బెయిర్డ్ స్మిత్ ఇటలీలోని నీటిపారుదలను అధ్యయనం చేసి 1852లో ఒక గ్రంథం ప్రచురించాడు. తరువాత మద్రాసు రాష్ట్రానికి వచ్చి కావేరి, కృష్ణా, గోదావరి పనులను పరిశీలించి 1856లో మరొక గ్రంథం వెలువరించాడు.

తరువాతి జీవితం, విమర్శలు

1861లో కాటన్‌కు సర్ బిరుదు లభించింది. రైలుమార్గాల కంటె సాగుకు, పడవల రవాణాకు పనికివచ్చే కాలువలే భారతదేశానికి మేలని, నదులను అనుసంధానం చేయాలని వాదించాడు. ఆయన అంచనాలన్నీ ఫలించలేదు. ఆయన ప్రోత్సహించిన కర్నూలు–కడప కాలువ కంపెనీకి నష్టాలు తెచ్చిపెట్టింది. 1882లో ప్రభుత్వం దానిని కొనవలసివచ్చింది. 1878లో బ్రిటిషు పార్లమెంటరీ సంఘం ముందు ఆయన వాదన నెగ్గలేదు. గోదావరి పథకం కూడా కేవలం దయతో చేసినది కాదు. పెరిగిన శిస్తు వల్ల కంపెనీ ఖజానాకు మంచి రాబడి వచ్చింది. అయినప్పటికీ డెల్టా రైతుకు కరువు భయం తగ్గించినది ఈ పథకమే అన్నది నిర్వివాదం.

మరణం, స్మారకాలు

కాటన్ 1899 జూలై 24న ఇంగ్లండులోని డోర్కింగ్‌లో, 96 ఏళ్ళ వయసులో మరణించాడు. 1900లో ఆయన కుమార్తె లేడీ హోప్ ఆయన జీవితచరిత్రను ప్రచురించింది. పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన బ్యారేజికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజి అని పేరుపెట్టారు. ధవళేశ్వరంలో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. గోదావరి జిల్లాలలోని అనేక గ్రామాలలో ఆయన విగ్రహాలు నెలకొల్పారు. కొందరు పండితులు స్నాన సంకల్పంలో ఆయన పేరు చెప్పుకొనేవారని జనశ్రుతి.

గన్నవరంలో పాత అక్విడక్టు చెంతనే కొత్త అక్విడక్టు నిర్మించి, నిత్యాన్నదాత డొక్కా సీతమ్మ (1841–1909) పేరు పెట్టారు. నగరం దీవికి నీరు దాటించే పని నేడు ఈ కొత్త కట్టడం చేస్తున్నది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన తల్లి పేరు, పొలాలకు నీరు దాటించే కట్టడానికి అన్వర్థంగా నిలిచింది.