నీడనిచ్చి పని చూపిన ఆక్టేవియా హిల్

కూడు, గూడు, గుడ్డ మానవుని ప్రాథమికావసరాలని పెద్దలు చెబుతారు. అయితే తలదాచుకోవడానికి గూడు దొరికినంత మాత్రాన పేదవాని బ్రతుకు చక్కబడదు. ఆ గూటికి అద్దె చెల్లించాలంటే చేతిలో పని ఉండాలి. పని దొరకాలంటే చేతికి నేర్పు ఉండాలి. ఇల్లు, పని, నేర్పు అనే ఈ మూడింటికీ విడదీయరాని సంబంధం ఉన్నదని పందొమ్మిదవ శతాబ్దంలోనే గ్రహించి, లండన్ మహానగరంలోని మురికివాడల నడుమ ఆచరించి చూపిన మహిళ ఆక్టేవియా హిల్.

ఆక్టేవియా 1838 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులోని విస్‌బెచ్ పట్టణంలో జన్మించింది. తండ్రి జేమ్స్ హిల్ ధాన్యపు వ్యాపారి. సహకార జీవన సిద్ధాంతాన్ని ప్రబోధించిన రాబర్ట్ ఓవెన్ ఆశయాల పట్ల ఆయనకు అభిమానం మెండు. తల్లి కారొలిన్ విదుషీమణి, బాలల విద్యను గూర్చి లోతుగా ఆలోచించిన వ్యక్తి. ఆక్టేవియాకు రెండేళ్లయినా నిండకముందే, 1840లో తండ్రి వ్యాపారం దివాలా తీసింది. ఆ దెబ్బకు ఆయన మనస్సు చెదిరింది. కలిగిన కుటుంబం కళ్లముందే నిలువనీడ కోల్పోయింది. తల్లి తండ్రియైన డాక్టర్ థామస్ సౌత్‌వుడ్ స్మిత్ వారిని ఆదుకున్నాడు. ఆయన లండన్ జ్వర చికిత్సాలయంలో వైద్యుడు. మురికినీరు, ఇరుకు గదులు, గాలి సోకని ఇళ్లు పేదల ప్రాణాలను ఎట్లా హరిస్తున్నాయో ప్రభుత్వానికి విన్నవించిన ఆరోగ్య సంస్కర్త. తాతగారి కృషిని దగ్గర నుండి చూస్తూ ఆ బాలిక పెరిగింది. పేదరికమంటే ఏమిటో ఆమె పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు.

1852లో కారొలిన్ తన కుమార్తెలతో లండన్ చేరి, స్త్రీలకు చేతిపనుల ద్వారా ఉపాధి కల్పించే ఒక సహకార సంఘానికి నిర్వాహకురాలైంది. అక్కడ నిరుపేద బాలికలు బొమ్మరిళ్లకు కావలసిన చిన్న చిన్న కుర్చీలు, బల్లలు తయారుచేసేవారు. ఆ విభాగపు బాధ్యత ఆక్టేవియాకు అప్పగించారు. అప్పటికి ఆమె వయస్సు పద్నాలుగేళ్లు. తనకంటే ఏమంత చిన్నవారుకాని ఆ పిల్లలకు పని పంచడం, సరుకు కొనడం, లెక్కలు వ్రాయడం, కూలి చెల్లించడం అన్నీ ఆమె పనులే. ఏ పిల్లయినా పనికి రాకపోతే ఇల్లు వెదుక్కుంటూ వెళ్లేది. ఆ ఇళ్లను చూసినప్పుడు ఆమెకు ఒక సత్యం బోధపడింది. చీకటి గదిలో పదిమంది మధ్య నిద్రలేని రాత్రి గడిపిన పిల్ల, మరునాడు ఎంత నేర్పినా పనిపై మనస్సు నిలపలేదు. పని నేర్పదలచినవారు ముందు ఇంటిని బాగుచేయాలి.

ఆ సంఘం ఎంతోకాలం నిలువలేదు. 1856లో ఎఫ్.డి. మారిస్ అనే మతాచార్యుడు తాను స్థాపించిన శ్రామిక కళాశాలలో స్త్రీల తరగతులకు ఆమెను కార్యదర్శిగా నియమించాడు. జీతం సంవత్సరానికి 26 పౌండ్లు. అప్పటికే ప్రఖ్యాత కళావిమర్శకుడు జాన్ రస్కిన్‌తో ఆమెకు పరిచయం కలిగింది. ఆయన కోసం ప్రాచీన చిత్రాలకు ప్రతులు గీస్తూ ఆమె సంవత్సరాల తరబడి శ్రమించింది. ఈ రస్కిన్ గ్రంథమే తరువాతి కాలంలో గాంధీజీ చేత సర్వోదయ భావనకు బీజం వేయించిందని మనకు తెలిసిన విషయమే.

1864లో తండ్రి మరణానంతరం రస్కిన్‌కు పెద్ద ఆస్తి సంక్రమించింది. పేదల ఇళ్లను గూర్చిన తన ఆలోచనను ఆక్టేవియా ఆయనకు వివరించింది. 1865లో రస్కిన్ మారిలెబోన్ ప్రాంతంలోని పారడైజ్ ప్లేస్‌లో మూడు ఇళ్లను 750 పౌండ్లకు కొని ఆమెకు అప్పగించాడు. పెట్టుబడిపై ఏటా నూటికి ఐదు వంతుల ప్రతిఫలం రావాలన్నది ఆయన నియమం. ఇందులో ఆయన లాభాపేక్ష లేదు. దానధర్మంగా నడిచే పని దాతతోనే ఆగిపోతుంది. గిట్టుబాటయ్యే పనిని చూసి మరి పదిమంది ముందుకు వస్తారన్నది ఆయన దూరదృష్టి.

ఆ వీథి పేరుకు స్వర్గమేకాని, ఉన్నది నరకం. గోడల పెచ్చులు ఊడిపోయాయి. కప్పు నుండి వాన కారుతున్నది. మెట్ల దారి పట్టపగలే చీకటి. మెట్ల ప్రక్కనుండే కొయ్య కమ్ములను అద్దెకుండేవారే పెరికి పొయ్యిలో పెట్టుకున్నారు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం కిక్కిరిసి ఉండేది. ఆక్టేవియా మొదట మురికి కాలువలను, నీటి వసతిని బాగుచేయించింది. మిగిలిన మరమ్మతులన్నీ ఒక్కసారిగా చేయించలేదు. అద్దెదారులు ఉన్నదానిని జాగ్రత్తగా చూసుకొనేకొద్దీ కొత్త సౌకర్యాలు కల్పించింది. కుటుంబానికి రెండు గదులైనా ఉండాలని రెండవ గదిని తక్కువ అద్దెకు ఇచ్చింది.

వారం వారం అద్దె వసూలుకు ఆమె స్వయంగా ప్రతి గడపకూ వెళ్లేది. అద్దె వసూలు ఆమెకు ఒక నెపం మాత్రమే. ఆ కొద్ది నిమిషాలలో ఎవరికి జబ్బు చేసింది, ఎవరి పని పోయింది, ఏ పిల్ల చదువు మానింది అన్న సంగతులు ఆమెకు తెలిసేవి. యజమానికి, అద్దెదారుకు నడుమ ఇటువంటి ఎరుక అంతకు ముందు లేదు.

ఆక్టేవియా పద్ధతిలోని జీవగర్ర ఉపాధి కల్పన. నాటి లండన్ కూలీలలో అనేకుల పని కాలాన్ని బట్టి ఉండేది. శీతకాలం వస్తే కట్టడపు పనులు ఆగిపోయేవి. రంగులు వేసేవారు, తాపీ పనివారు చేతులు ముడుచుకొని కూర్చోవలసి వచ్చేది. ఆ వారాలలో అద్దె బాకీ పడేది. అప్పు, తాగుడు, గది ఖాళీ చేయడం అన్నవి వరుసగా జరిగిపోయేవి. ఆమె అత్యవసరం కాని మరమ్మతులను అటువంటి రోజుల కోసం దాచి ఉంచేది. పనిలేని అద్దెదారునికి డబ్బు చేతిలో పెట్టకుండా, గోడలకు వెల్లవేయడం, కిటికీలు సరిచేయడం వంటి పనులు అప్పగించి న్యాయమైన కూలి చెల్లించేది. అద్దెల నుండి వచ్చిన సొమ్మే మరమ్మతు నిధిగా, మరమ్మతు నిధియే కూలిగా, ఆ కూలియే తిరిగి అద్దెగా ప్రవహించేది. ఇల్లు బాగుపడేది, మనిషి చేతిపని మరువకుండా ఉండేవాడు, అతని అభిమానం చెక్కుచెదరకుండా నిలిచేది.

ఎదిగిన ఆడపిల్లలకు వారానికి మూడుసార్లు నడవలు, మెట్లు కడిగే పని ఇచ్చి జీతమిచ్చేది. శుభ్రత అలవడిన ఆ బాలికలకు తరువాత వేరొకచోట కొలువు దొరకడం సులభమయ్యేది. స్త్రీలకు కుట్టుపని తరగతులు, కుటుంబాలకు పొదుపు ఖాతాలు ఏర్పరచింది. ప్రతి ఇంటికీ మరమ్మతులకై కొంత మొత్తం కేటాయించి, వస్తువులు పగులగొట్టకుండా మిగిల్చిన సొమ్ముతో ఏ సౌకర్యం కావాలో ఎన్నుకొనే హక్కు అద్దెదారులకే విడిచిపెట్టింది. 1866లో రస్కిన్ కొన్న ఫ్రెష్‌వాటర్ ప్లేస్ ఇళ్ల ప్రక్కన పిల్లలకు ఆటస్థలం కూడా వెలసింది.

అయితే ఆమెది మెత్తని చెయ్యి కాదు. బాకీ పెరగనిచ్చేది కాదు. పదే పదే అద్దె ఎగవేసేవారిని, ఇరుగుపొరుగుకు కంటకమైనవారిని నిర్మొహమాటంగా ఖాళీ చేయించింది. ఆ విధంగా వెళ్లగొట్టబడినవారు మరింత హీనమైన గదులను వెదుక్కోవలసి వచ్చి ఉంటుందన్నది కాదనలేని విషయం. ఆమె పద్ధతి ప్రయత్నించగలవారిని నిలబెట్టింది. ప్రయత్నించే శక్తి కూడా ఉడిగినవారికి అందులో చోటు తక్కువ. ఈ లోపాన్ని ఆమె సమకాలికులు కూడా ఎత్తి చూపారు.

1874 నాటికి పదిహేను గృహసముదాయాలు, సుమారు మూడువేల మంది అద్దెదారులు ఆమె పర్యవేక్షణలోకి వచ్చారు. ఒంటిచేత్తో సాగే పని కాదని గ్రహించి ఆమె తోటి స్త్రీలను తయారుచేసింది. లెక్కలు వ్రాయడం, పన్నుల విధానం, మురికి కాలువల నిర్మాణం, అద్దె చట్టాలు, అన్నిటినీ మించి మనుషులతో మెలగడం వారికి నేర్పింది. ఇంటి నాలుగు గోడలు దాటి స్త్రీలకు ఉద్యోగాలు అరుదైన ఆ రోజులలో గృహ నిర్వహణ అనే కొత్త వృత్తి ఆ విధంగా రూపొందింది. అద్దెదారులకు పని చూపిన ఉద్యమం, పని చూపేవారికి కూడా జీవనోపాధి అయింది.

ఈ శ్రమ ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1877లో రస్కిన్‌తో మనస్పర్థలు ఏర్పడ్డాయి. గురుతుల్యుడైన ఆ వ్యక్తి తమ మధ్య నడిచిన లేఖలను బహిరంగంగా ప్రచురించడం ఆమెను కలచివేసింది. పనికి దూరమై, కొంతకాలం దేశాంతరాలలో విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. అయినా ఆమె శిక్షణ పొందిన స్త్రీల చేతులలో ఇళ్లు సజావుగానే నడిచాయి. ఒక కార్యకర్తకు అంతకు మించిన విజయం ఏముంటుంది?

1884లో క్రైస్తవ మత సంస్థల ఆస్తులను నిర్వహించే సంఘంవారు సదర్క్ ప్రాంతంలోని తమ ఇళ్లను ఆమెకు అప్పగించారు. కాగితపు మిల్లు కాలిపోయి బూడిదకుప్పగా మారిన ఒక స్థలాన్ని ఆమె 1887లో ఉద్యానంగా తీర్చిదిద్దింది. ప్రక్కనే చిన్న ఇళ్లు, సమావేశ మందిరం వెలిశాయి. పేదవానికి కూలి ఎంత అవసరమో పచ్చని గడ్డి, ఆకాశం కూడా అంతే అవసరమని ఆమె విశ్వాసం. ఆ విశ్వాసమే 1895లో రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ అనే మిత్రులతో కలిసి ప్రకృతి రమణీయ స్థలాలను, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ స్థాపనకు దారితీసింది.

ఆక్టేవియా అభిప్రాయాలన్నీ నేటివారికి సమ్మతం కాకపోవచ్చు. ప్రభుత్వమే పేదలకు ఇళ్లు కట్టించడాన్ని, వృద్ధులకు పింఛను ఇవ్వడాన్ని ఆమె వ్యతిరేకించింది. ఎందరో స్త్రీలకు ఉద్యోగ మార్గం చూపిన ఆమె, స్త్రీలకు ఓటుహక్కు అవసరం లేదన్నది. కాలం ఆమెను ఈ విషయాలలో దాటిపోయింది. 1912 ఆగస్టు 13న ఆమె కన్నుమూసింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత బ్రిటనులో పురపాలక సంఘాలు పెద్దయెత్తున ఇళ్లు కట్టినప్పుడు, వాటిలో కొన్ని ఆమె పద్ధతిలో శిక్షణ పొందిన స్త్రీలనే నిర్వాహకులుగా నియమించుకున్నాయి. ఆమె వలదన్న వ్యవస్థే ఆమె విద్యను స్వీకరించింది.

నేడు బ్రిటనులో తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సంస్థలు అనేకం తమ అద్దెదారులకు వృత్తి శిక్షణ ఇప్పించడం, ఉద్యోగం వెదకడంలో తోడ్పడడం తమ కర్తవ్యాలలో భాగంగా భావిస్తున్నాయి. దానికి మూలం, చీకటి మెట్లెక్కి తలుపు తట్టిన ఒక యువతి అద్దె పుస్తకంలో ఉంది. ఆ పుస్తకంలో ఆమె వ్రాసుకున్నది పైకాల లెక్కే. చదువుకున్నది మాత్రం మనుషుల బ్రతుకులను. ఇల్లు కట్టించి తాళం చెవి చేతికివ్వడంతో బాధ్యత తీరిపోదని, ఆ ఇంటిలోని మనిషి తన కాళ్లపై తాను నిలిచేవరకు తోడుండాలని ఆక్టేవియా హిల్ జీవితం మనకు తెలియజేస్తున్నది.